‘వస్తుందట’లో ఊడిపోయిన ‘ట’

2021 ఫిబ్రవరిలో మా మేనల్లుడికి నేనొక సలహా ఇచ్చాను. ఆ నెల 2వ తేదీనే సోనీవాళ్ల ప్లేస్టేషన్ 5, అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే కన్సోల్ అనే పెట్టె, మన దేశంలో అమ్మకానికి వచ్చింది. డిస్క్ పెట్టుకునే మోడల్ ధర 49,990 రూపాయలు. వాడప్పుడు ప్లస్‌టూ చదువుతున్నాడు. బరంపురం బడా బజార్‌లో వాళ్ల నాన్నకు బట్టల కొట్టు. కొనలేని ఇల్లు కాదు, కానీ కొనిపించాలంటే ఎవరో ఒక పెద్దమనిషి మాటసాయం చెయ్యాలి. ఆ పని నాకు అప్పగించాడు. సాయం చెయ్యకపోగా, “తొందరెందుకురా, రెండేళ్లు ఆగు, ముప్పై వేలకు దిగుతుంది” అన్నాను.

వాడు ఆగాడు. 2022 నవంబరులో అదే పెట్టె 54,990 అయింది. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ మోడల్ వచ్చింది. పెట్టె సన్నబడింది కానీ ధర అదే 54,990. పండగ ఆఫర్లలో కొన్ని వేలు తగ్గించేవారు, పండగ కాగానే మళ్లీ మామూలే. ఇప్పుడు వాడికి ఉద్యోగం, సొంత జీతం. అయినా కొనలేదు. ఈసారి ఆపుతున్నది నేను కాదు, వాడి ఫోను. ఒకరోజు “ప్లేస్టేషన్ 6 వచ్చేస్తోంది మావయ్యా, ఇప్పుడు 5 కొంటే వేస్టు” అంటాడు. మరోరోజు, మైక్రోసాఫ్ట్ వాళ్ల పోటీ పెట్టె గురించి, “ఎక్స్‌బాక్స్ దుకాణం కట్టేస్తోంది” అంటాడు. ఎవరు చెప్పార్రా అంటే, “కన్ఫర్మ్ అయింది” అన్నదే జవాబు. ఎవరు కన్ఫర్మ్ చేశారో ఉండదు.

ముందు నా తప్పు సంగతి తేలుద్దాం. అది ఒక్కడి తప్పు కాదు, ఒక తరం మొత్తానికి అలవాటైన లెక్క. 2000లో అమెరికాలో ప్లేస్టేషన్ 2 ధర 299 డాలర్లు. 2002లో 199కి దిగింది. 2004లో 149, 2009 నాటికి 99. ప్లేస్టేషన్ 3 ఇంకా నాటకీయం: 2006లో పెద్ద మోడల్ 599 డాలర్లకు వచ్చి జనాన్ని బెదరగొట్టింది, మూడేళ్లు తిరక్కుండా స్లిమ్ మోడల్ 299కే దొరికింది. ఆ రోజుల్లో గాంధీనగర్ దగ్గర ఒక సందులో గేమ్ పార్లర్ ఉండేది. రెండు టీవీలు, రెండు పీఎస్2లు, గంట లెక్కన డబ్బులు. ఆ పార్లరాయన కొత్తగా వచ్చినప్పుడు ఏదీ కొనేవాడు కాదు. “పాతబడనీ, అప్పుడు తెస్తా” అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఆర్థిక శాస్త్రమే నేను మేనల్లుడికి చెప్పాను.

అప్పట్లో ధర ఎందుకు దిగేది? మా ఊరి అప్పడాలతో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పిండిముద్ద అంతే ఉంటుంది. అప్పడం చిన్నదిగా ఒత్తితే ఎక్కువ అప్పడాలు వస్తాయి, ఒక్కో అప్పడం చవకవుతుంది. చిప్పులను సిలికాన్ పలకల మీద ఇలాగే తయారుచేస్తారు. రెండు మూడేళ్లకోసారి ఫ్యాక్టరీలు ట్రాన్సిస్టర్లను మరింత చిన్నవి చేసేవి. అదే పలకలో ఎక్కువ చిప్పులు పడేవి. చిన్న చిప్పు తక్కువ కరెంటు తింటుంది, తక్కువ వేడెక్కుతుంది. కాబట్టి ఫ్యాను చిన్నది, పవర్ సప్లై చిన్నది, పెట్టె చిన్నది, ఓడలో పట్టేవి ఎక్కువ. ప్లేస్టేషన్ 2లో మొదట విడివిడిగా ఉన్న రెండు ముఖ్యమైన చిప్పులు కొన్నాళ్లకు కలిసి ఒకటే అయ్యాయి. 2004లో వచ్చిన ఆ పలచటి పీఎస్2 అందాన్ని కోరి తెచ్చింది కాదు, ఖర్చు తగ్గి వచ్చింది.

ఇప్పుడూ చిప్పులు చిన్నవవుతూనే ఉన్నాయి, కానీ పిండి ఖరీదు పెరిగిపోయింది. కొత్త తరం పలక ప్రతిసారీ పాతదానికంటే ప్రియం. పైగా చిప్పులోని కొన్ని భాగాలు, ముఖ్యంగా లోపలి చిన్న మెమరీ, ఇదివరకటిలా కుంచించుకుపోవడం దాదాపు మానేశాయి. ప్లేస్టేషన్ 5 చిప్పు 2022లో 7 నానోమీటర్ల పద్ధతి నుంచి 6కి మారింది. పాత లెక్క ప్రకారం ఆ ఏడాది ధర తగ్గాలి. మన దేశంతో సహా చాలాచోట్ల పెరిగింది.

దీనికి తోడు మెమరీ. పీఎస్5లో 16 జీబీ ర్యామ్ ఉంటుంది, ఆటల్ని దాచుకునే ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. ఏటికేడు చవకబడుతుందని కన్సోల్ కంపెనీలు ధైర్యంగా లెక్కవేసుకునే సరుకు ఇది. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లు దాన్ని ఎగరేసుకుపోతున్నాయి. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ప్రధానంగా మూడు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకు అమ్మితే ఎక్కువ లాభం, కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. మామూలు వినియోగదారులకు క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మానుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇది రూమర్ కాదు, ఆ కంపెనీ స్వయంగా చెప్పిన మాట. కన్సోల్ వార్తలు చదివేవాళ్లు ఇలాంటి వాటిని ‘మనకెందుకులే’ అని దాటేస్తారు. నా మటుకు నాకు, పీఎస్6 బొమ్మలన్నిటికంటే ఈ ఒక్క వార్తే బరువైనది.

అమెరికాలో 2025లో దిగుమతి సుంకాల గొడవ కూడా కలిసింది. అక్కడ 2020లో 499 డాలర్లకు వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 2025 మేలో 599 డాలర్లు దాటింది, అక్టోబరులో 649 దాటింది. సోనీ ఆగస్టులో పీఎస్5 మోడళ్ల మీద 50 డాలర్ల చొప్పున పెంచింది. 2017లో పుట్టిన తన పాత కన్సోల్ స్విచ్ ధరను కూడా జపాన్ కంపెనీ నింటెండో అదే ఆగస్టులో పెంచింది. ఎనిమిదేళ్ల పాత పెట్టె మీద ధర పెంచడం మా పార్లరాయన చూసి ఉంటే గల్లాపెట్టె మూసి ఇంటికి వెళ్లిపోయేవాడు.

మన దగ్గర లెక్క వేరు. విదేశంలో తయారై వచ్చే కన్సోల్ మీద దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతానికి పెంచారు. జీఎస్టీని మాత్రం 2019 జనవరి నుంచి 28 నుంచి 18కి తగ్గించారు. ఆ జీఎస్టీ సుంకం కలిపిన మొత్తం మీద పడుతుంది. అంటే వంద రూపాయల సరుకు 120 అయి, దాని మీద మళ్లీ 18 శాతం కలిసి 141 దాటుతుంది. ఇక రూపాయి. 2021 ఫిబ్రవరిలో డాలరు 73 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. ఇంత జరిగీ అప్పటికి మన ధర అయిదు వేలే పెరిగిందంటే, ఒక రకంగా ఆశ్చర్యం పెరిగినందుకు కాదు, ఇంతే పెరిగినందుకు.

సరే, ధర దిగే రోజులు పోయాయి. అప్పుడు ఆగడానికి ఒక్క కారణమే మిగులుతుంది: ఇంకా మంచిది రాబోతోందన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని మోసుకొచ్చేది రూమర్.

ఈ విషయంలో తెలుగులో మనకొక సదుపాయం ఉంది. ‘వస్తుంది’ అంటే నాకు తెలుసని. ‘వస్తుందట’ అంటే ఎవరో అనగా విన్నానని, పూచీ నాది కాదని. తేడా ఒక్క అక్షరం. మా పక్కింటి ఒడియావాళ్లకూ ఇదే పని చేసే ‘కుఆడే’ అనే మాట ఉంది. ఇంగ్లీషులో దీనికి ‘రిపోర్టెడ్లీ’ అని ఒక పొడుగాటి మాట పెట్టుకోవాలి. హెడ్‌లైన్‌లో చోటు చాలనప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది అదే. ఎక్కడో ఒక హార్డ్‌వేర్ పిచ్చోడు “2027 చివర్లో రావచ్చని నేననుకుంటున్నా” అంటాడు. ఇంగ్లీషు సైటు “2027లో రావచ్చు” అని రాస్తుంది. హిందీ ఛానెల్‌లో అది “2027లో వస్తుంది” అవుతుంది. తెలుగు రీల్‌కి వచ్చేసరికి “డేట్ ఫిక్స్” అయి కూర్చుంటుంది. ఇక్కడ మేం మూడు భాషల్లో ఫోను చూస్తాం కాబట్టి ఒకే పుకారు మూడు వైపుల నుంచి వచ్చి, మూడు సాక్ష్యాలున్నట్టు కనిపిస్తుంది. నిజానికి సాక్షి ఒక్కడే, వాడూ కళ్లారా చూసినవాడు కాదు.

కాబట్టి రూమర్ వినగానే అడగాల్సింది నిజమా అబద్ధమా అని కాదు, ‘ఈ ట ఎవరిది?’ అని.

కొన్ని ‘ట’లకు విలువుంది. రేడియో తరంగాలు వెలువరించే ఏ పరికరాన్నైనా అమెరికాలో అమ్మాలంటే అక్కడి ప్రభుత్వ కమిషన్ అనుమతి కావాలి, ఆ కాగితాల్లో కొంత భాగం అందరికీ కనిపిస్తుంది. మన దగ్గర వీడియో గేమ్ పెట్టెలు భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర తప్పనిసరిగా నమోదు కావాల్సిన వస్తువుల జాబితాలో 2012 ఉత్తర్వు నుంచీ ఉన్నాయి. అలాంటి కాగితంలో కొత్త మోడల్ నంబరు కనబడితే వస్తువు ఉన్నట్టే. ఎప్పుడొస్తుందో, ఎంతకొస్తుందో ఆ కాగితం చెప్పదు. ఆ రెండూ కలిపి చెప్పేవాడు రెండోది సొంతంగా కలిపాడని అర్థం.

తొడుగులు, కేసులు చేసే కంపెనీల నుంచి వచ్చేవీ గట్టివే. కన్సోల్ వచ్చిన రోజే కేసు అమ్మాలంటే కొలతలు ముందే తెలియాలి కదా. 2025 జనవరి మొదట్లో లాస్ వేగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో గెంకీ అనే కంపెనీ స్విచ్ 2 నమూనా బొమ్మను చూపించింది. నింటెండో అసలు కన్సోల్‌ను బయటపెట్టింది ఆ నెల 16న. తర్వాత గెంకీ మీద కోర్టుకు కూడా వెళ్లింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం 2023 సెప్టెంబరులో జరిగిన ముచ్చట. ఆటలు తయారుచేసే యాక్టివిజన్ కంపెనీని కొనే విషయమై మైక్రోసాఫ్ట్‌కూ అమెరికా ప్రభుత్వ సంస్థకూ నడిచిన కేసులో, బయటికి రాకూడని కాగితాలు పొరపాటున బయటికొచ్చాయి. అందులో ‘బ్రూక్లిన్’ అనే రహస్యపేరుతో కొత్త సిరీస్ ఎక్స్ ఉంది. గుండ్రటి స్తంభంలాంటి పెట్టె, డిస్క్ ఉండదు, 2 టీబీ స్టోరేజీ, 2024 నవంబరుకు ప్లాను. ఇది ఎవరి ఊహో కాదు, కంపెనీ సొంత కాగితం. ‘ట’ పెట్టాల్సిన అవసరమే లేనంత గట్టి ఆధారం. మరి 2024లో వచ్చిందేమిటి? అదే పాత నలుపలకల నిలువు డబ్బా ఆకారంలో, డిస్క్ లేని తెల్ల పెట్టె ఒకటి, 1 టీబీతో. డిస్కుతో 2 టీబీ నల్ల పెట్టె ఇంకొకటి. గుండ్రటిది రాలేదు. అంటే లీక్ నిజమైనంత మాత్రాన వస్తువు వస్తుందని కాదు. కంపెనీలు కూడా మనలాగే ప్లాన్లు వేసుకుంటాయి, మార్చుకుంటాయి. ఇంజినీరింగ్ సీటు అనుకుని డిగ్రీలో చేరినవాళ్లం మనలో ఎంతమంది లేం!

ఈ గజంబద్దతో మావాడి వార్తల్ని కొలిచి చూశాను.

ప్లేస్టేషన్ 6. సోనీ కొత్త కన్సోల్ పని మీద ఉందన్నది ఖాయం. 2025 అక్టోబరులో సోనీ తరఫున మార్క్ సెర్నీ, చిప్పుల కంపెనీ ఏఎండీ తరఫున జాక్ హ్విన్ కలిసి వీడియోలో కొత్త చిప్ టెక్నాలజీ గురించి వివరించారు. రాబోయే కన్సోల్‌లో అవి కొన్నేళ్లలో వస్తాయని సెర్నీ అన్నాడు. ఆ వీడియోలో పేరు లేదు, తేదీ లేదు, ధర లేదు. మరి 2027 అని అందరూ ఎలా చెబుతున్నారు? పీఎస్3 2006, పీఎస్4 2013, పీఎస్5 2020. ఏడేసి ఏళ్లు. ఏడు కలిపితే 2027. ఇది లీక్ కాదు, కూడిక. మా లెక్కల పంతులు చెప్పినా ఇదే సంవత్సరం చెబుతాడు. మెమరీ ధరలు ఇలాగే మండుతుంటే కూడిక తప్పినా నేను ఆశ్చర్యపోను. ర్యామ్ ఇంత, స్పీడు ఇంత, ధర ఇంత అని పట్టికలు వేసి చూపించే వీడియోలను చూస్తే ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ గుర్తొస్తుంది.

ఒకవేళ వచ్చిందే అనుకుందాం. పీఎస్5 వచ్చిన రెండేళ్లకు, 2022 నవంబరులో, సోనీ తన పెద్ద ఆట ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్’ను పీఎస్4కి కూడా ఇచ్చింది. కొత్త పెట్టె రాగానే పాతది అటకెక్కదు.

పీఎస్5కే మరింత శక్తిగల మోడల్ పీఎస్5 ప్రో. దాని కథ మనకు ప్రత్యేకం. 2024 నవంబరు 7న అది బయటి దేశాల్లో వచ్చింది, అప్పుడు మనకు రాలేదు. ధర ఎక్కువని కాదు. దానిలో వై-ఫై 7 ఉంది, అది వాడుకునే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో అప్పటికి అనుమతి లేదు. అనుమతి లేని దేశాల్లో అమ్మబోమని సోనీయే చెప్పింది. ఆ తరంగాల్లో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేందుకు 2025 మేలో కేంద్ర టెలికాం శాఖ ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. మర్నాడే “ప్రో ఇండియాకి వచ్చేస్తోంది” అని మా గ్రూపులో బాణసంచా. అప్పటికి తలుపు గొళ్లెం తియ్యడం మొదలైంది, అంతే. చుట్టాలు రావడం వాళ్లిష్టం.

స్విచ్ 2 విషయంలో పుకారు కంటే ప్రమాదకరమైనది ఒకటుంది, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. 2025 జూన్ 5న వచ్చిన ఆ కన్సోల్ మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నింటెండో దాన్ని మన దేశంలో అధికారికంగా విడుదల చెయ్యలేదు. దొరికేవన్నీ ఇంపోర్ట్ పీసులే. మా గంజాం జిల్లా నుంచీ, పక్కన శ్రీకాకుళం నుంచీ గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు బోలెడుమంది, కాబట్టి ‘దుబాయ్ నుంచి తెప్పిస్తా’ అనేవాడు ప్రతి వీధిలో ఒకడుంటాడు. అందులో తప్పులేదు. కానీ ఎవరైనా మరీ చవగ్గా ఇస్తానంటే జపాన్ పీసేమో చూసుకోవాలి. జపాన్‌లో 2025లో 49,980 యెన్‌లకు వచ్చిన మోడల్‌లో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది, జపాన్ ప్రాంతపు నింటెండో అకౌంటుతోనే నడుస్తుంది. తర్వాత భాష మార్చుకోవచ్చని అమ్మేవాడు చెబితే నమ్మవద్దు. అన్ని భాషలున్న మోడల్ అప్పుడు అక్కడే 69,980. మా వీధి కుర్రాడొకడు మొదటి రకం తెప్పించుకుని, మెనూ గుర్తులన్నీ బొమ్మల కొలువులా కంఠస్థం చేసుకుని ఆడుతున్నాడు.

దాని ఆటల్లో కొన్ని ‘గేమ్ కీ కార్డు’లుగా వస్తాయి. చేతికి కార్డు వస్తుంది, కానీ లోపల ఆట ఉండదు, తాళంచెవి ఉంటుంది. ఆటను నెట్‌లోంచి దింపుకోవాలి. బరంపురంలో ఫైబర్ ఉంది, పర్వాలేదు. గుణుపురం దాటి కొండవైపు వెళ్తే, మొబైల్ డేటా మీద నడిచే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఎక్స్‌బాక్స్ మూతపడుతోందన్న మాట త్వరగానే తేలిపోతుంది. తర్వాతి తరం కన్సోల్ కోసం ఏఎండీతో కొన్నేళ్ల ఒప్పందం ఉందని 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అయితే పుకారు పూర్తిగా గాల్లోంచి ఊడిపడలేదు. ఎక్స్‌బాక్స్‌కి ప్రాణంలాంటి ‘హేలో’ 2026లో ప్లేస్టేషన్‌కి కూడా వస్తుందని 2025 అక్టోబరులో చెప్పారు. తమ ఆటల్ని ఎదుటి కొట్లో అమ్ముతున్నవాడు తన కొట్టు ఎన్నాళ్లుంచుతాడన్న అనుమానం న్యాయమైనదే. అనుమానాన్ని అనుమానంగా చెప్పాలి, అంతే.

ఇక ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ వరసలో కొత్త ఆట, జీటీఏ 6. దీని ఆలస్యాలు మాత్రం రూమర్లు కావు, కంపెనీ నోటి మాటే. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, 2025 నవంబరు 6న దాన్ని 2026 నవంబరు 19కి జరిపారు. ప్రకటించింది పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ మోడళ్లకు. మావాడు అసలు కన్సోల్ కొనాలనుకుంటున్నది ఈ ఆట కోసమే. పీఎస్6 కోసం ఆగుతున్నవాడు ఆడాలనుకున్న ఆట పీఎస్5 మీద వస్తోందన్న మాట! ఇది వాడికి చెప్పేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పోయిన ఆదివారం వాడూ నేనూ కూర్చుని వాడి ఫోన్లో దాచుకున్న స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటే తీసి, ఊడిపోయిన ‘ట’లను తిరిగి అతికించాం. చాలావాటికి ఒక ‘ట’ సరిపోలేదు. డిస్క్ మోడలే తీసుకోమన్నాను. గాంధీనగర్ పార్లరాయన కొడుకు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ డిస్కులు మార్పిడి చేస్తున్నాడు, ఆడేసిన ఆట ఇచ్చి పైన కొంచెం కడితే ఇంకో ఆట వస్తుంది. డిజిటల్‌లో కొన్న ఆటకు ఆ సౌకర్యం లేదు. కొనమని మాత్రం నా నోటితో అనలేదు. ఒకసారి చెయ్యి కాలినవాణ్ణి.

సాయంత్రం మా అక్క ఫోను.

“ఏరా, వీడు ప్లేస్టేషన్ కొంటున్నాడట, నువ్వే కొనమన్నావట?”

“మొదటి ‘ట’ తీసెయ్యొచ్చు అక్కా,” అన్నాను. “రెండోది ఉంచు.”